తుపాకి తన్నుడు తగ్గాలంటే

బొబ్బిలి దగ్గర తోట ఇంట్లో మా మామయ్యకి లైసెన్సు ఉన్న 12 బోరు జోడుగొట్టాల తుపాకి ఉంది. మొదటిసారి పేల్చినప్పుడు అది వెనక్కి తన్ని నా భుజం కమిలిపోయింది. తుపాకి మార్చక్కర్లేదు, తూటా మారిస్తే చాలు. ఒక్కో తూటాలో మొత్తం 36 గ్రాముల గుళ్ళకి బదులు 28 గ్రాములు ఉన్నవి వాడితే తన్నుడు బాగా తగ్గుతుంది. అమెరికాలో ఇంటి రక్షణకని ఇలాంటి తూటాలని 'రెడ్యూస్డ్ రికాయిల్' (తన్నుడు తగ్గించినవి) పేరుతోనే అమ్ముతారు. వాటి గుళ్ళ వేగం సెకనుకి 1,300 అడుగులకి బదులు 1,150 దాకా ఉంటుంది, గదిలో దూరానికి అది ధారాళంగా సరిపోతుంది. కాకపోతే తర్వాతి తూటాని తనంతట తనే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ తుపాకిలో జోరు తక్కువ తూటా ఒక్కోసారి తర్వాతిదాన్ని ఎక్కించదు. జోడుగొట్టాలకి ఆ గొడవ లేదు.

పాత తుపాకైతే గొట్టం మీద 65 అని ఉందా, 70 అని ఉందా చూడండి; అది తూటా కూర్చునే అర పొడవు, మిల్లీమీటర్లలో. 65 దాంట్లో 70 మిల్లీమీటర్ల తూటా దూరుతుంది, కానీ పేల్చకూడదు. పేలినప్పుడు తూటా మడత మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ప్రెషర్ పెరిగిపోతుంది.