బోల్టుల కర్బన లెక్క హీట్ నంబర్ దగ్గర తేలింది

మాది జీడిమెట్లలో బోల్టులు చేసే చిన్న యూనిట్. ఐరోపా సమాఖ్య 2023 అక్టోబర్ నుంచి అడుగుతున్న సీబామ్ (దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కర్బనంపై సరిహద్దు సుంకం) లెక్కలు జర్మనీ కొనుగోలుదారుకు పంపే పని నా మీద పడింది.

మొదటిసారి కరెంటు బిల్లు, డీజిల్, గ్యాస్ కూడి పంపాను. తిప్పి పంపారు. అసలు ఉద్గారాల్లో ఎక్కువ భాగం మేం కొనే వైర్ రాడ్ (బోల్టులకు వాడే ఉక్కు కడ్డీ చుట్ట) తయారీలోనే ఉంది, అదే నేను రాయలేదు! బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజం నుంచి తీసిన ఉక్కుకూ, తుక్కు కరిగించి తీసిన ఉక్కుకూ ఉద్గారాల్లో చాలా తేడా. మా గోడౌన్‌లో రెండూ కలిసిపోయి ఉన్నాయి.

దారి స్టోర్స్‌లో దొరికింది. ప్రతి కాయిల్‌తో ఉక్కు మిల్లు ఇచ్చే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ మీద హీట్ నంబర్, అంటే ఆ ఉక్కును ఏ విడతలో కరిగించారో చెప్పే నంబర్, ఉంటుంది. దాంతో ఏ కాయిల్ ఏ ఉక్కో తేలుతుంది. ఆ నంబర్‌ను సరుకు వచ్చినప్పుడు రాసే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో, అక్కణ్నుంచి ఒక్కో విడత బోల్టుల పనికి రాసే జాబ్ కార్డు మీద రాయించడం మొదలుపెట్టాం. పాత సరుకు కోసం మా స్టోర్స్ పెద్దాయన రెండు వారాలు ఫైళ్లు తిరగేశారు. ఆయన లేకపోతే ఈ పని అయ్యేదే కాదు. ఒక మిల్లు కంపెనీ మొత్తానికి ఒకే ఉద్గారాల అంకె ఇచ్చింది. ప్లాంటువారీగా కావాలని మూడుసార్లు రాశాక పంపింది.

ఇంకో పొరపాటు, టన్ను బోల్టులకు టన్ను రాడ్ అని వేయడం. కత్తిరింపుల్లో పోయేది కలిపితే మాకు 1.08 టన్నులు పడుతోంది. ఆ తేడాను తుక్కు ఖాతాలోకి తోయడానికి వీల్లేదు.

ఫోర్క్‌లిఫ్ట్ డీజిల్ లెక్కలోంచి తీసేశాం. హీట్ ట్రీట్‌మెంట్ కొలిమి గ్యాస్ మాత్రం ఉంచాలి: కిలో ఎల్‌పీజీకి సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్. క్యాంటీన్ సిలిండర్లు కూడా అదే బిల్లులో ఉంటే ముందే విడదీసుకోండి.