వెనిగర్ సీసా మూత తీసే ముందు

ఇల్లు శుభ్రం చేయడానికి వెనిగర్ వాడాలనుకుంటే ముందు ఒక్కటి చూసుకోండి. బాత్రూమ్‌లో పొద్దున బ్లీచింగ్ పౌడర్ చల్లి సరిగ్గా కడగకుండా వదిలేశారా? అయితే ఇవాళ వెనిగర్ ముట్టుకోవద్దు, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీ మూసి ఉన్న చిన్న బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులకు నిజంగా ప్రమాదం. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఈ మాట తప్పకుండా చెప్పండి, పాపం పీల్చేది ఆమే కదా.

నేల పాలరాయిదా, నాపరాయిదా? వద్దు. రెండిట్లోనూ ఉన్నది సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే, ఆమ్లం తగిలితే మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.

వంటకు వాడే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 4, 5 శాతం ఉంటుంది, అది చాలు. ఘాటైన ఆమ్లం కొని ఇంట్లో నీళ్లు కలుపుకోకండి, చర్మం కాలుతుంది.

మన వైజాగ్‌లో బీచ్ రోడ్, లాసన్స్ బే వైపు ఉప్పుగాలికి గొళ్లాలు, బోల్టులు ఊరికే తుప్పు పడతాయి. వాటిని వెనిగర్‌లో నానబెట్టొచ్చు, కానీ తీశాక మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, వెంటనే కాస్త నూనె రాయండి, లేదంటే మళ్లీ తుప్పే.

గ్లవ్స్ వేసుకోండి. వంటసోడాతో కలిపి మూత బిగించొద్దు, సీసా పగులుతుంది.