షుగర్‌తో అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లా? నరాలను ఎలా కాపాడుకోవాలి?

రక్తంలో షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలకు రక్తం అందించే సన్నని నాళాలు పాడవుతాయి, నరాల్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) మొదలవుతుంది. కాలివేళ్ళ దాకా వెళ్ళే నరాలే అన్నిటికన్నా పొడవు కాబట్టి దెబ్బ ముందు అక్కడే కనిపిస్తుంది. రాత్రిపూట మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు, ఆ తర్వాత మొద్దుబారడం. మంట దానంతటదే పోతే నయమైందని సంతోషపడకండి. నరం మరింత దెబ్బతిని, నొప్పి తెలియకుండా పోయి ఉండవచ్చు.

అందుకే ముందు స్పర్శ చూసుకోవాలి. సాక్సులు తీసి, కళ్ళు మూసుకుని పడుకోండి. ఇంకొకరు చూపుడువేలి కొనతో మీ కాలివేళ్ళ చివర్లను మెల్లగా, ఒకటి రెండు సెకన్లు తాకాలి. వరుస ఇదీ: కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, కుడి మధ్యవేలు, ఎడమ మధ్యవేలు. తెలిసినప్పుడల్లా కుడో ఎడమో చెప్పండి. నొక్కకూడదు, గీకకూడదు, తెలియలేదని మళ్ళీ తాకకూడదు. అలా చేస్తే లేని స్పర్శ ఉన్నట్టు అనిపిస్తుంది. ఆరింటిలో రెండు తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టే. డాక్టర్ 10 గ్రాముల మోనోఫిలమెంట్‌ (పాదానికి ఆనించే సన్నని నైలాన్ పోగు)తో, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ (అదురు తెలుస్తోందో లేదో చూసే లోహపు పనిముట్టు)తో నిర్ధారిస్తారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతుంటే రక్తంలో విటమిన్ బి12 కూడా చూపించుకోండి. అది తగ్గినా ఇవే తిమ్మిర్లు వస్తాయి, దానికి మందు సులువు.

షుగర్ తగ్గించడమే అసలు వైద్యం, కానీ నిదానంగా. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 3 నెలల్లో 2 పాయింట్లకు మించి, అంటే 10 శాతం నుంచి 8 కన్నా కిందికి పడిపోతే కొందరిలో కొత్తగా తీవ్రమైన నరాల నొప్పి మొదలవుతుంది.

ఇన్‌ఫ్లమేషన్ అన్నారు కదా అని ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మింగకండి. నరాల నొప్పికి అవి పెద్దగా పనిచేయవు, కిడ్నీలకు మాత్రం చేటు. డాక్టర్ రాసేవి ప్రెగాబాలిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. నాలుగు రోజులకే గుణం లేదని మానేయడం చాలామంది చేసే తప్పు. కొన్ని వారాలు చూడాలి. నొప్పి సగానికి తగ్గితే మందు బాగా పనిచేసినట్టే. ప్రెగాబాలిన్‌తో మత్తు, పాదాల వాపు రావచ్చు. కిడ్నీ జబ్బుంటే మోతాదు తగ్గించాలి. వీటిలో ఏదీ ఉన్నట్టుండి ఆపకూడదు. ఇవి నొప్పిని తగ్గిస్తాయి తప్ప నరాన్ని బాగుచేయవు, కాబట్టి పాదాల కాపలా మీదే.

రోజూ అద్దంతో అరికాలు, వేళ్ళ సందులు చూసుకోండి. చెప్పుల్లో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి తడమండి. నీళ్ళ వేడి మోచేత్తో చూడండి. మొద్దుబారిన పాదానికి హాట్ బ్యాగ్ వద్దేవద్దు.

ఒక్క పాదమే హఠాత్తుగా వాచి, ఎర్రబడి, రెండోదానికన్నా వేడిగా ఉంటే, నొప్పి లేకపోయినా ఆ కాలు నేలమీద మోపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. అది చార్కో పాదం (నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలు, కీళ్ళు బలహీనపడి పాడయ్యే జబ్బు) కావచ్చు. నడిస్తే లోపలి ఎముకలు విరగవచ్చు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే రావచ్చు, అప్పుడు ఎమ్మారై గురించి అడగండి. చార్కో అని తేలితే కాలు కదలకుండా పిండికట్టు లాంటి గట్టి కట్టు వేస్తారు. రెండు పాదాల వేడి సమానమయ్యేదాకా, అంటే నెలల తరబడి, దాన్ని ఉంచుకోవాలి.