టీమంతా కలిసి ఎస్టిమేషన్ ఎలా వేయాలి?

ఏ పనికి ఎంత సమయం పడుతుందో లీడ్ ఒక్కరే తేల్చేసి, ఆ అంకెను టీమ్ చేతిలో పెట్టడం చాలా ఆఫీసుల్లో ఇంకా నడుస్తోంది. లీడ్‌కి అనుభవం ఉంటుంది, కాదనలేం. కానీ కోడ్ రాసేవాళ్లకీ టెస్ట్ చేసేవాళ్లకీ కనిపించే చిక్కులు వేరు. పనిని స్ప్రింట్ అనే కొద్ది వారాల విడతలుగా చేసుకునే స్క్రమ్ పద్ధతి కూడా పని చేసేవాళ్లే దాని సైజు చెప్పాలంటుంది. అందుకు నాకు బాగా నచ్చిన పద్ధతి ప్లానింగ్ పోకర్, అంటే అంకెలున్న కార్డులు చూపించి పని సైజు అంచనా వేయడం. 2002లో జేమ్స్ గ్రెనింగ్ దీన్ని వివరించారు, తర్వాత మైక్ కోన్ బాగా ప్రచారంలోకి తెచ్చారు.

మొదట కొలత కుదుర్చుకోండి. ఇప్పటికే పూర్తయిన, అందరికీ గుర్తున్న ఒక పనిని తీసుకుని దానికి 3 పాయింట్లు ఇవ్వండి. కొత్త పని దానికంటే పెద్దదా, చిన్నదా అన్నదే ఇక ప్రశ్న. రోజుల్లో అడిగితే సీనియర్ ఒకటంటారు, కొత్తగా చేరినవాళ్లు మూడంటారు, ఇద్దరి మాటా నిజమే. 'దానికి రెండింతలుంటుంది' అన్న విషయంలో మాత్రం ఇద్దరూ ఏకీభవించగలరు.

కార్డులు 1, 2, 3, 5, 8, 13, 20 చాలు. పని పెద్దదయ్యేకొద్దీ 14కీ 15కీ తేడా ఎవరూ చెప్పలేరు, అందుకే పైకి వెళ్లేకొద్దీ ఎడం పెరుగుతుంది.

ఇప్పుడు ప్రాడక్ట్ ఓనర్ (ఏం తయారు కావాలో నిర్ణయించేవారు) పనిని వివరించాలి, సందేహాలకు జవాబివ్వాలి, అంతే. కార్డు మాత్రం వేయకూడదు. పనిలో చేయి పెట్టే ప్రతి ఒక్కరూ, టెస్టర్‌తో సహా, మనసులో ఒక అంకె అనుకుని ఒకేసారి చూపించాలి. ఇక్కడ రాజీ పడొద్దు. మొదట విన్న అంకె చుట్టూనే మన అంచనా తిరుగుతుందని 1974లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వర్‌స్కీ, కానమన్ చూపించారు. పైగా మన ఆఫీసుల్లో 'సార్' రెండు అన్నాక అయిదు అనడానికి ఎంతమందికి నోరొస్తుంది? హైదరాబాద్‌లో కొందరు, అమెరికాలో కొందరు ఉన్న టీమైతే చాట్‌లో అంకె టైప్ చేసి ఉంచుకుని, 'ఒకటి, రెండు, మూడు' అనగానే అందరూ ఎంటర్ నొక్కితే సరిపోతుంది.

అసలు ఫలితం తర్వాత జరిగే మాటల్లో ఉంది. ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చుకునే పని అనుకుందాం. డెవలపర్ 3 చూపించారు: ఎస్సెమ్మెస్ పంపే సర్వీస్ ఇప్పటికే ఉంది, ఒక స్క్రీన్ చేస్తే చాలు. టెస్టర్ 8 చూపించారు: ఓటీపీ ఆలస్యమై యూజర్ 'మళ్లీ పంపు' నొక్కితే రెండింట్లో ఏది చెల్లుతుంది? ఎన్నిసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ అవ్వాలి? ఫోన్ నంబర్ మారినవాళ్ల సంగతేంటి? ఆ చివరి ప్రశ్నకు ప్రాడక్ట్ ఓనర్, 'అది ఈ స్ప్రింట్‌లో వద్దు, వేరే స్టోరీ చేద్దాం' అన్నారు (స్టోరీ అంటే విడిగా రాసుకునే ఒక పని). రెండో రౌండ్‌లో అందరూ 5 చూపించారు. 3కీ 8కీ మధ్య ఏదో ఒకటి అని సగటు తీసి ఊరుకుని ఉంటే, ఈ ప్రశ్నలన్నీ స్ప్రింట్ చివరి రోజున బగ్‌లుగా బయటపడేవి, అందరికీ టెన్షన్.

అందుకే ఎక్కువ చెప్పినవాళ్లనీ తక్కువ చెప్పినవాళ్లనీ ముందు మాట్లాడనివ్వండి. 'నీకెందుకంత ఎక్కువ?' అని నిలదీయొద్దు, 'నీకేం కనిపించింది?' అని అడగండి. జూనియర్లు నోరు విప్పడం, విప్పకపోవడం చాలావరకు ఈ అడిగే తీరు మీదే ఆధారపడి ఉంటుంది.

మూడు రౌండ్లయినా అంకెలు దగ్గరపడకపోతే పట్టుబట్టొద్దు. పనిని ముక్కలు చేయండి, లేదా ముందు ఒకరికి కొంత టైమిచ్చి విషయం తేల్చుకు రమ్మనండి.

కుదిరిన అంకెతో పాటు, ఏ షరతు మీద కుదిరిందో టికెట్‌లో (ఆ పని వివరాలు రాసుకునే చోట) ఒక వాక్యం రాయండి: 'నంబర్ మారినవాళ్లు ఇందులో లేరు' అన్నట్టు. ఇక పాయింట్లు పట్టుకుని ఒక టీమ్‌ని ఇంకో టీమ్‌తో పోల్చే మేనేజర్ ఉంటే, అది వద్దని మొదటి మీటింగ్‌కి ముందే మాట్లాడి ఒప్పించుకోండి. పోలిక మొదలైతే మరుసటి స్ప్రింట్ నుంచే 3 కావాల్సినవి 5 అయిపోతాయి.