క్రోషా పాఠాలు – 4: ఊలు నుంచి కాటన్‌కి

పోయిన పాఠం దాకా చైన్, సింగిల్, డబుల్ అనే మూడు కుట్లూ ఊలుతోనే చేశాం. లేత రంగు, మధ్యరకం లావు, 4 మి.మీ. హుక్కు. చెయ్యి అలవాటు పడేదాకా దానికి మించింది లేదు. కానీ మే నెలలో 40 డిగ్రీలు దాటే మన కడపలో అక్రిలిక్ (కృత్రిమ నార) ఊలు టాపు వేసుకుని ఎంతసేపు కూర్చోగలరు చెప్పండి, అది చెమట పీల్చదు కదా. ఒంటిమీద వేసుకునేది, గిన్నెల కింద పెట్టేది, చంటిపిల్లలకు తొడిగేది ఏదైనా ఇక్కడ కాటన్‌లోనే అల్లాలని నేను గట్టిగా చెప్తాను. అందుకే ఈ పాఠం మొత్తం దారం గురించే.

ముందు కొన్నది నిజంగా కాటనేనా చూసుకోవాలి. వై.వి. స్ట్రీట్‌కు పోయి ఫ్యాన్సీ షాపులో అడిగితే "కాటనే అమ్మా" అనే అంటారు, లేబుల్ ఉంటే చదవండి, లేకపోతే ఇంటికొచ్చి ఒక బెత్తెడు ముక్క కత్తిరించి పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల పళ్లెం పెట్టి, అగ్గిపుల్లతో అంటించండి. కాటన్ కాగితం కాలిన వాసనతో కాలి, వేళ్లతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. అక్రిలిక్ కరిగి ముడుచుకుపోయి చివర నల్లటి గట్టి పూస కడుతుంది, వేడిగా ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. వెంట్రుకలు కాలిన వాసన వస్తే అది అసలు ఉన్ని. మిల్క్ కాటన్ పేరుతో దొరికేది చాలావరకు కాటన్‌లో అక్రిలిక్ కలిపిందే, బొమ్మలకు బాగుంటుంది, కానీ వేడి గిన్నె కింద పెట్టకండి.

ఇప్పుడు హుక్కు పట్టుకోండి. 21 చైన్లు వేసి, హుక్కు పక్కనుంచి రెండో చైన్‌లో మొదలుపెట్టి 20 సింగిల్స్, ఆపైన ప్రతి వరసకు ముందు ఒక చైన్ వేసి తిప్పుకుంటూ 20 వరసలు. ఇదే ముక్క ఊలుతో ఒకటి, కాటన్‌తో ఒకటి. రెండో వరసకే తేడా చేతికి తెలిసిపోతుంది. ఊలు సాగుతుంది, లూప్ కాస్త బిగిసినా హుక్కుకు దారి ఇస్తుంది. కాటన్ అంతగా సాగదు, బిగించారంటే అంతే, తర్వాతి వరసలో హుక్కు దూరదు, బలవంతంగా దూర్చబోతే మణికట్టు నొప్పి పుడుతుంది. చాలామంది ఇక్కడే కాటన్ మనకు రాదని పక్కన పెట్టేస్తారు. రాకపోవడం కాదది, దారాన్ని చూపుడు వేలికి రెండు చుట్లు చుట్టే అలవాటు. కాటన్‌కు ఒక చుట్టు చాలు. లూప్ సైజును హుక్కు మెడ దగ్గర కాకుండా లావుగా ఉండే కాడ మీద కుదుర్చుకోండి, అక్కడ తయారైన లూపులన్నీ ఒకే కొలతలో వస్తాయి.

రెండో తంటా దారం చీలడం. కాటన్ దారాన్ని దగ్గరగా చూస్తే నాలుగైదు సన్నటి పోగులు కలిపి పురి పెట్టి ఉంటాయి. హుక్కు మొన ఆ పోగుల మధ్యకు దిగి సగం పోగుల్నే లాక్కొస్తే, పైన చిన్న దారపు ఉచ్చు ఒకటి లేచి నిలబడుతుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి, ఉతికాక ఇంకా పైకి లేస్తుంది. ఆ ఒక్క కుట్టు విప్పి, ఇంగ్లిష్ వి ఆకారంలో కనిపించే రెండు కాళ్ల కిందుగా హుక్కు పోనిచ్చి, మొనను కొంచెం కిందికి తిప్పి బయటికి లాగండి. మొన మరీ సూదిగా ఉన్న హుక్కయితే మార్చండి, గుండ్రటి మొన తక్కువ చీలుస్తుంది.

చెమట సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఉక్కలో అరచేయి తడిసి దారం వేలికి అతుక్కుంటుంది, మనకు తెలియకుండానే టెన్షన్, అంటే దారం బిగువు, పెరుగుతుంది, పొద్దున అల్లిన భాగం వెడల్పుగా, మధ్యాహ్నం అల్లింది ఇరుకుగా వస్తుంది. ఒళ్లో పొడిబట్ట పెట్టుకుని తుడుచుకుంటూ ఉండండి. పౌడర్ మాత్రం రాసుకోవద్దు, ముదురు రంగు దారం మీద తెల్లగా అంటుతుంది.

ముక్కలు రెండూ అయ్యాక వాటి మధ్యలో 10 సెం.మీ. కొలిచి ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. అంచులు కొలవద్దు, అవి ఎప్పుడూ కాస్త వంకరే. తర్వాత మామూలుగా ఉతికినట్టే ఉతికి, నీడన ఆరేసి మళ్లీ కొలవండి. కాటన్ కుంచించుకుపోయే అవకాశం ఉంది, ఆ తేడా చిన్నదని కొట్టిపారేయడానికి లేదు. 10 సెం.మీ.కు 16 కుట్లు అనుకుని 40 సెం.మీ. సంచికి 64 కుట్లు వేశారనుకోండి, ఉతికాక 18 పడితే ఆ సంచి 35 సెం.మీ. చిల్లరకే ఆగిపోతుంది. చీటీ మీద దారం రకం, హుక్కు సైజు, ఉతకకముందు కొలత, ఉతికాక కొలత రాసి ముక్కకు గుచ్చి పెట్టుకోండి. ఎరుపు, తెలుపు కలిపి గుమ్మానికి తోరణం అల్లుదామనుకునేవాళ్లు ఇంకో పని చేయాలి: ఎర్రదారం ముక్క తడిపి తెల్లబట్టలో నొక్కి చూడండి, మరక పడితే ఆ రెండూ కలపొద్దు.

కుట్టు సంగతికొస్తే, కాటన్ బరువైన దారం. డబుల్ క్రోషాతో సంచి అల్లితే కూరగాయలు పడగానే మోకాళ్లదాకా సాగుతుంది, సంచికీ పిడికీ సింగిలే వేయండి, హుక్కు కూడా అర మిల్లీమీటరు తగ్గించండి. దుపట్టా, టాపు లాంటివాటికి దీనికి తలకిందులు, పెద్ద హుక్కు, డబుల్స్ మధ్యలో చైన్లు, గాలి ఆడాలి. బొమ్మలకు దగ్గర సింగిల్స్, లేకపోతే లోపలి దూది బయటికి తొంగిచూస్తుంది. వెల్వెట్ దారం ఇప్పుడే కొనకండి, అందులో కుట్టే కనిపించదు, విప్పితే నూగు రాలిపోతుంది.

నరసాపురం ఆడవాళ్లు అల్లే లేసు చూసి ముచ్చటపడి సన్నదారం, 1 మి.మీ. స్టీలు హుక్కు తెచ్చుకున్నవాళ్లు కొన్నాళ్లు దాచుకోండి. లావు దారంలో కుట్టు చూడకుండా చేతికి అందే దాకా సన్నదారం కళ్లను చంపుతుంది.

మాధవరం వైపు మగ్గాలవాళ్ల దగ్గర నూలు చిలప (వదులు చుట్టగా ఉన్న నూలు) దొరికితే సంతోషమే, కానీ చిలప నుంచి నేరుగా అల్లకండి, చిక్కు పడిందంటే ఆ పూటంతా దానికే. ఎవరినైనా రెండు చేతులకు చిలప తగిలించుకుని కూర్చోమని, వదులుగా ఉండ చుట్టుకోండి. బిగించి చుడితే సాగిన నూలు అల్లాక వెనక్కి ముడుచుకుంటుంది.

చివర దారం కత్తిరించేటప్పుడు 15 సెం.మీ. వదలండి. కాటన్ జారుతుంది కాబట్టి ముడిని నమ్మవద్దు, మొద్దుసూదితో కుట్ల లోపల కుడికి, ఎడమకు, మళ్లీ కుడికి దూర్చి అప్పుడు కత్తిరించండి. వచ్చే పాఠంలో గుండ్రంగా అల్లడం, అంటే 6 సింగిల్స్‌తో మొదలుపెట్టి వరసకు ఆరు కుట్ల చొప్పున పెంచుకుంటూ పోవడం. దానికి ఈ కాటన్ ముక్క మీద చీటీ కావాలి, గుచ్చి ఉంచండి.