కొండ పేరు ఆరా తీయడం ఎలా: పర్లాకిమిడి నుంచి మెలిబోకస్ దాకా

మా మేనకోడలు జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో చదువుతోంది. ఒక ఆదివారం ఫోన్ చేసి, "మావయ్యా, ఇక్కడో కొండెక్కాను, మ్యాపులో మెలిబోకస్ అని ఉంది, దారిలో కలిసిన పెద్దాయనేమో మాల్షెన్ అన్నాడు, ఏది అసలు పేరు?" అని అడిగింది. పర్లాకిమిడిలో కూర్చుని దానికి జవాబు చెప్పగలిగానంటే, ఇక్కడి మహేంద్రగిరి గురించి ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా కాబట్టి. ఏ కొండకైనా అదే పద్ధతి.

ముందు పేర్లన్నీ పోగెయ్యండి. ఒక్క పేరు దొరకగానే ఆగిపోవద్దు. మ్యాపులోది, గుడి బోర్డు మీదది, కొండ కింద ఊళ్లో అనేది, అటువైపు ఊళ్లో అనేది, అన్నీ విడివిడిగా రాసుకోండి. పక్కనే ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ భాషలో చెప్పారో కూడా రాయాలి, ఎందుకంటే మన గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు, ఒడియా, సవర, కుయి మాట్లాడేవాళ్లు ఒకే సంతలో కలుస్తారు, ఎవరి మాట వాళ్లది.

తర్వాత ఆ పేరు జనం నోటి నుంచి వచ్చిందా, పుస్తకంలోంచి దిగిందా చూడండి. అసలు పని ఇక్కడే ఉంది. 2వ శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో మెలిబోకాన్ అనే పర్వతం గురించి రాశాడు. అది ఎంతో ఉత్తరాన ఉన్న హార్జ్ పర్వతాలే అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. కానీ చాలా కాలం తర్వాత పాత గ్రంథాలు తిరగేసిన వాళ్లు ఆ పేరు తెచ్చి ఈ కొండకు పెట్టారు. కొండ చుట్టూ బతికిన వాళ్లకు అది మాల్షెనే. అక్కడ ఇది ఒక్క చోట జరిగింది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ పైనున్న టౌనస్ కొండల్ని జనం ఊరికే 'హోఎ', అంటే ఎత్తు, అనేవాళ్లు. కిందున్న బాడ్ హోంబుర్గ్ ఊరి పూర్తి పేరులో ఆ మాట ఇప్పటికీ ఉంది. టౌనస్ అన్నది రోమన్ రచయిత టాసిటస్ రాతల్లోంచి తెచ్చిన పేరు. ట్యూటోబుర్గ్ అడవి కూడా అంతే, పాత పేరు ఓస్నింగ్.

మహేంద్రగిరికి పుస్తకం పేరే ఉంది, అయితే అదీ చాలా పాతది. తూర్పు గాంగ రాజుల శాసనాల్లో ఈ కొండ మీది గోకర్ణేశ్వరుడి ప్రస్తావన ఉంది. కాబట్టి పుస్తకం పేరు కనబడగానే అబద్ధమనుకోకండి, ఎప్పటిదో వెతకండి.

పేరు చివరి ముక్క విడదీసి చూడండి. అక్కడ బెర్గ్ అంటే కొండ, వాల్డ్ అంటే అడవి. మెలిబోకస్ ఉన్న ప్రాంతం ఓడెన్‌వాల్డ్. ఇక్కడ కొండ, మెట్ట, గిరి, డొంగర్ వినిపిస్తాయి, కోరాపుట్ వైపు వెళ్తే 'మాలి' వినిపిస్తుంది, దేవమాలి, పంచపట్‌మాలి. ఆ ముక్కను బట్టి ఏ భాషవాళ్లు పిలిచారో కొంత తెలుస్తుంది. మొదటి ముక్క దగ్గర మాత్రం తొందర వద్దు, వినడానికి ఒకేలా ఉన్న మాట దొరికిందని కథ అల్లేయకండి.

ఇప్పుడు కొండ స్వరూపం. మెలిబోకస్ ఎత్తు 517 మీటర్లే, మహేంద్రగిరి 1,501. ఆ అంకెలు సముద్రమట్టం నుంచి. ఎక్కేవాడికి కావాల్సింది కింది ఊరి నుంచి లెక్క. రైన్ నది లోయ నేల కుంగి ఏర్పడింది, ఆ బల్లపరుపు మైదానం అంచునే కొండ నిటారుగా లేస్తుంది, అందుకే ఒళ్లంతా బీచ్ అనే జాతి చెట్ల అడవితో ఉన్న ఆ చిన్న కొండ చాలా దూరం నుంచి కనిపిస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, అంటే ఎత్తులు గీతలతో చూపే మ్యాపు, సంపాదించండి, 1:50,000 అయితే 1 సెంటీమీటరు అరకిలోమీటరు. ఎత్తు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, ఎడంగా ఉంటే వాలు. రాయి కూడా చూడండి. ఓడెన్‌వాల్డ్ పడమర భాగం గ్రానైట్ లాంటి గట్టి రాయి, తూర్పు భాగం ఇసుకరాయి. మన తూర్పు కనుమల్లో బాగా కనిపించే రాయి ఖొండలైట్‌కు ఆ పేరు ఇక్కడి కొంధు గిరిజనుల మీదే పెట్టారు.

నీళ్లను మరిచిపోకండి. మన ఊరి పక్కన పారే ఏరు మహేంద్రతనయ, మహేంద్రుడి కూతురు. కొండ పేరుకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

చివరగా సంత. కొండచీపుర్లు అమ్మే ఒక సవర అవ్వను నోట్‌బుక్ పట్టుకుని అడిగాను, "ఆ కొండనేమంటారు?" అని. ఆవిడ చీపురు పుల్లలు సర్దుతూనే, "ఏ కొండ బాబూ? ఇక్కడ నుంచి చూస్తే ఒక పేరు, ఎక్కుతుంటే ఒక పేరు" అంది. కింద నుంచి పైదాకా దారిలో ఒక్కో బండకు, ఒక్కో ఊటకు వేరే పేరుంది వాళ్లకు. ఆ రోజు ఏడు పేర్లు రాసుకున్నాను, ఏవీ మ్యాపులో లేవు. మేనకోడలికి అదే చెప్పాను: ఆ పెద్దాయన మళ్లీ కనబడితే కొండ పేరు కాదు, దారిలో ఉన్న బండల పేర్లు అడుగు అని.