ప్రాగ్‌కి ఇద్దరే వెళ్తున్నారా? రెండు రోజులు ఇలా గడపండి

రెండు రోజులే చేతిలో ఉన్నప్పుడు ఇరవై చోట్ల పేర్లు రాసుకుని చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్ళకండి. నేనూ మా ఆయనా అక్టోబరులో అలాగే వెళ్ళి, మొదటి రోజు మధ్యాహ్నానికే ఒకరి మీద ఒకరం విసుక్కునే దాకా వచ్చాం. ఆ రాత్రి గదిలో కూర్చుని లిస్టు పక్కన పడేసి, రేపు నీకు నచ్చినదొకటి, నాకు నచ్చినదొకటి, మిగతా టైమంతా ఊరికే నడవడం అని ఒప్పందం చేసుకున్నాం. రెండో రోజే మాకు ఆ ఊరు నిజంగా కనిపించింది. మీరు మొదటి రోజు నుంచే అలా చేయండి.

జర్మనీలో ఉండేవాళ్ళకి ఇది తేలికైన ప్రయాణం. డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటల లోపే, బెర్లిన్ నుంచి అయితే నాలుగు గంటల పైన. జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే చెక్ రిపబ్లిక్‌కి వేరే వీసా అక్కర్లేదు, కానీ పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ దగ్గర పెట్టుకోండి, తిరిగి వచ్చేటప్పుడు జర్మన్ పోలీసులు రైల్లో చూడొచ్చు. వెళ్ళేటప్పుడు ఎడమవైపు సీట్లు తీసుకోండి. ఎల్బే నది, దాని మీద నిలువుగా లేచిన రాతి కొండలు చాలాసేపు అటువైపే కనిపిస్తాయి. పులిహోర డబ్బా తెరవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) కావాలి, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి.

బస పాత ఊరి మధ్యలో వద్దు. ఖరీదు ఎక్కువ, రాత్రి గోల కూడా. వినోహ్రాడీ అనే పేటలో, "నామ్యెస్తీ మీరు" (Náměstí Míru) అనే మెట్రో స్టేషన్ చుట్టుపక్కల చూడండి. ఆ స్టేషన్ ఎస్కలేటర్ పొడవు 87 మీటర్లు, కళ్ళు తిరిగేవాళ్ళు కిందికి చూడకుండా నిలబడాలి. అక్కడ ఉంటే అసలు లాభం 22 నంబరు ట్రామ్, అది మిమ్మల్ని నేరుగా కోట కొండ మీదికి తీసుకెళ్తుంది.

డబ్బు విషయం జాగ్రత్తగా చదవండి. అక్కడ వాడేది యూరో కాదు, చెక్ కొరూనా. పాత ఊరి సందులో ఒక మార్పిడి కౌంటర్ దగ్గర "కమిషన్ లేదు" అన్న బోర్డు చూసి మేం వంద యూరోలు మార్చాం, రేటు చూసుకోలేదు, చాలా తక్కువ వచ్చింది. 2019 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది: మార్చుకున్న మూడు గంటల్లోపు రసీదుతో వెళ్తే, వెయ్యి యూరోల లోపు మార్పిడిని రద్దు చేసి మీ డబ్బు మీకివ్వాలి. మాకది మర్నాడు తెలిసింది. నిజానికి దాదాపు అన్నిచోట్లా కార్డు చెల్లుతుంది. ఏటీఎం గానీ కార్డు మెషీన్ గానీ "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనండి, కొరూనాలోనే కట్టండి. టాయిలెట్ల కోసం కొంచెం చిల్లర మాత్రం జేబులో ఉంచుకోండి.

ట్రామ్, మెట్రో, బస్సు అన్నింటికీ ఒకటే టికెట్. రెండు రోజులకి 72 గంటలది తీసుకుంటే టెన్షన్ ఉండదు. కాగితం టికెట్ కొంటే మొదటిసారి ఎక్కినప్పుడు పసుపు రంగు మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి, ముద్ర లేని టికెట్ ఉన్నా లేనట్టే, జరిమానా వేస్తారు. తనిఖీ చేసేవాళ్ళు మామూలు బట్టల్లోనే ఉంటారు.

ఇక చార్లెస్ వంతెన. ఒక్కటే చూస్తామంటే ఇదే చూడమంటాను, కానీ తెల్లవారకముందు. 1357లో నాలుగో చార్లెస్ రాజు కాలంలో మొదలుపెట్టిన రాతి వంతెన, 516 మీటర్ల పొడవు, రెండు పక్కలా 30 విగ్రహాలు. పగలు పది దాటితే భుజాలు రాసుకుంటూ నడవాలి, విగ్రహాలు కాదు కదా నది కూడా సరిగ్గా కనపడదు. అక్టోబరులో ఏడు దాటాకే సూర్యుడొస్తాడు కాబట్టి ఆరున్నరకి లేచినా సరిపోతుంది, వేసవిలో అయితే ఐదింటికే వెలుగొస్తుంది. మేం వెళ్ళేసరికి వ్ల్తావా నది మీద పొగమంచు, దీపాలు ఇంకా ఆరలేదు, కోట కింద సగం మబ్బులో ఉంది, మా ఇద్దరి చెప్పుల చప్పుడు మాకే వినపడింది. ఇరవై నిమిషాలు ఒక్క ఫొటో తీయకుండా నిలబడ్డాం. చెప్పులు అన్నాను గానీ మీరు బూట్లే వేసుకోండి, ఊరంతా రాళ్ళు పరిచిన దారులు, పలచటి అడుగున్నవి వేసుకుంటే సాయంత్రానికి పాదాలు మంటలెక్కుతాయి.

కోటకి కింది నుంచి మెట్లెక్కి వెళ్ళకండి. 22 ట్రామ్‌లో కోట స్టాపు దాటి పోహోర్జెలెట్స్‌లో దిగండి. పక్కనే స్ట్రాహోవ్ మఠం, అక్కడి నుంచి ఊరి ఎర్ర కప్పులన్నీ కనిపిస్తాయి. అక్కణ్ణుంచి కోట, తర్వాత నెరుదోవా వీధి, చివరికి వంతెన, అంతా దిగుడే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎంతో మేలు. కోట ఆవరణలోకి టికెట్ అక్కర్లేదు. లోపల సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలై 1929లో పూర్తయింది. దాన్ని చూశాక మిగతా గదులు వదిలేసినా పర్వాలేదు. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, మధ్యాహ్నం తర్వాత వెళ్ళండి.

పాత ఊరి కూడలిలో ఉన్న 1410 నాటి ఖగోళ గడియారం గంటకోసారి బొమ్మల్ని చూపిస్తుంది, ఒక నిమిషంలో అయిపోతుంది. అందరూ పైకి చూస్తున్నప్పుడే జేబులు కొట్టేస్తారు, బ్యాగు ముందుకి వేసుకోండి.

మా ఆయన ఎంచుకున్నది పాత యూదుల పేట యోసెఫోవ్. నాకు మొదట అంత ఆసక్తి లేదు. అక్కడి పింకాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) లోపల గోడల మీద, నాజీలు చంపిన చెక్ ప్రాంతపు యూదులు దాదాపు 80 వేలమంది పేర్లు చేత్తో రాసి ఉన్నాయి, ఊరి పేరు కింద ఇంటి పేరు, దాని కింద ఒక్కొక్కరి పేరూ తేదీలూ. ఒకే ఇంటిపేరు వరసగా ఐదారుగురికి కనిపిస్తే కాళ్ళు కదలవు. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. బయటికొచ్చాక చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. శనివారం మూసేస్తారు, రోజు చూసుకుని ప్లాన్ చేయండి. ఆ తర్వాత ఇంకో మ్యూజియం పెట్టుకోకండి, నది ఒడ్డున కాంపా అనే దీవి దగ్గర బెంచీ మీద కూర్చోండి.

తిండికి శాకాహారులు కొంచెం సిద్ధపడాలి. స్మజెనీ సీర్ అని, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయించిన చీజ్ దొరుకుతుంది. బ్రంబొరాక్ అంటే తురిమిన బంగాళాదుంపతో వెల్లుల్లి వేసి కాల్చిన అట్టు, నాకు అదే బాగా నచ్చింది. రెండింటిలోనూ మామూలుగా గుడ్డు కలుస్తుంది, తిననివాళ్ళు ముందే అడగండి. "బెజ్ మాసా" అంటే మాంసం లేకుండా అని, అయినా సూపు మాత్రం మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారేమోనని విడిగా కనుక్కోండి. సందుసందునా అమ్మే ట్రడెల్నీక్ రొట్టెని పాత ప్రాగ్ వంటకం అంటారు గానీ అది ఈమధ్య టూరిస్టుల కోసం పెరిగినదే.

చివరి రోజు గది ఖాళీ చేశాక సామాను మెయిన్ స్టేషన్ లాకర్లో పెట్టి, లెత్నా పార్కుకి వెళ్ళండి, నది మీది వంతెనలన్నీ వరసగా కనిపిస్తాయి. రైలు టైముకి అరగంట ముందే స్టేషన్‌కి వచ్చేయండి, ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద చివరి నిమిషాల్లోనే వేస్తారు. డ్రెస్డెన్ వైపు వెళ్ళేటప్పుడు నది కుడివైపు ఉంటుంది, సీట్లు అటు చూసుకోండి.